అరవై ఎనిమిది శాతం

కాశీబుగ్గలో, జీడిపిక్కల బట్టీ వెనక గదిలో
మూడోసారి కూడా
అరవై ఎనిమిది దగ్గరే ఆగింది.

అరవై ఏడు దాకా ఏ పేచీ లేదు.
నీలంగా, బుద్ధిగా నిండుతూ వస్తుంది గీత.
ఆ తర్వాత తెర గడ్డకడుతుంది.
మధ్యలో చచ్చిన ఈగలా బాణం గుర్తు.
పంకా మాత్రం లోపల తిరుగుతూనే ఉంటుంది,
వినేవాళ్ళు లేచిపోయాక కూడా మాట్లాడేవాడిలా.

పెన్‌డ్రైవ్ తప్పేమో అన్నాను. మార్చాను.
కేబుల్ తప్పేమో అన్నాను. అదీ మార్చాను.
తప్పు నాది కాదనడానికి
ఎన్ని వస్తువులుంటాయో ఒక రిపేరు సంచిలో.

ఢిల్లేశ్వర్రావు గుమ్మంలో నిలబడి
"ఏటైందమ్మా, రేపు శనివారం" అన్నాడు.
శనివారం అంటే కూలి.
ముప్పై ఆరుమంది ఆడవాళ్ళు
ఎవరెన్ని కిలోల పప్పు వలిచారో
ఈ పెట్టె తప్ప ఎవరూ రాసుకోలేదు.

పెట్టె విప్పాను.
పిక్కనూనె వాసన,
తుఫాను ఏడాది చెమ్మ,
ఒక సాలీడు సంసారం.
రెండు మెమరీ పట్టీలు, ఒక్కోటి అయిదువందల పన్నెండు.
పెన్సిల్ రబ్బరుతో పసుపు పళ్ళు తోమి
మళ్ళీ కూర్చోబెట్టాను. టక్కుమంది.
అరవై ఎనిమిది.

మొదటే చెయ్యాల్సిన పని చివరికి చేశాను.
పరీక్ష పెట్టాను.
అది ప్రతి గడికీ ఒక అంకె ఇచ్చి
తిరిగి అడుగుతుంది: నీకేమిచ్చాను?
గడి చెప్తుంది. పక్క గడి చెప్తుంది.
లక్షసార్లు అడిగితే లక్షసార్లు చెప్తాయి.
రాత్రి పదకొండున్నరకి ఒక గడి
ఇచ్చింది కాక ఇంకోటి చెప్పింది.
ఎర్రగీత. దానికింద మరోటి. తర్వాత తెరంతా ఎరుపు.
అబద్ధమాడిన గడికి ఆ సంగతి తెలియదు.
అందుకే అంత ధీమాగా చెప్పింది.

ఆ పట్టీ పీకేశాను. మిగిలింది ఒక్కటి.
ఇప్పుడు కూలిపోలేదు, గుమ్మంలోనే ఆపేసింది:
తగినంత మెమరీ లేదు.
కోపమొచ్చింది గానీ, న్యాయమే.
చాలకపోవడం వేరు, చెడిపోవడం వేరు.
చాలనిది ముందే చెప్పేస్తుంది.
చెడినది అరవై ఏడు దాకా అవునంటుంది.

తెల్లారగట్ల నాలుగింటికి
పిక్కలు ఉడకెయ్యడానికి జోగమ్మ వచ్చింది.
పగలు పప్పు వలిచేదీ ఆమే.
జీడి తిన్న వేళ్ళతో తలుపు పట్టుకుని
"మెమరీ అంటే గేపకమే గదా?
మా లెక్క మర్సిపోనాదేటి అది?"

కాదన్నాను. పేరు పెట్టినవాళ్ళు సరిగ్గా పెట్టలేదు.
అది కళ్ళం. పని జరిగే జాగా, అంతే.
మీ లెక్కలుండేది గాదెలో. గాదెని నేను ముట్టుకోలేదు.

"కళ్ళం సిన్నదైతే ఏటి సేస్తారు?"
నా దగ్గర జవాబు లేదు. నిద్ర ఉంది.
"గాదె ముంగిట జాగా నేదా? అక్కడ పొయ్యండి కొంత."

లేచి కూర్చున్నాను.
డిస్కు చివర ఖాళీగా పడున్న రెండు గిగాలు
చదును చేసి, స్వాప్ అని పేరు రాసి,
బొమ్మల దారి మూసేసి
ఉత్త అక్షరాల దారిన బయల్దేరాను.
డిస్కు కరకరమంటూ మోసింది,
కళ్ళం నుంచి ముంగిటికి, ముంగిటి నుంచి కళ్ళానికి.

అరవై ఏడు.
పిక్కల నీళ్ళు మరుగుతున్నాయి, జోగమ్మ వెళ్ళలేదు.
అరవై ఎనిమిది.
ఇచ్ఛాపురం వైపు గూడ్సు బండి పోతోంది.
ఆఖరి పెట్టె దాటేదాకా అంకె కదల్లేదు.
అరవై తొమ్మిది.

ఏడింటికి ఢిల్లేశ్వర్రావు వచ్చి
నల్లతెర చూసి నిరాశపడ్డాడు.
"బొమ్మలు రావేటి?"
రావు.
"కూలి లెక్క?"
తెరిచాను. అందరూ ఉన్నారు, వరసగా, తెల్లటి అక్షరాల్లో.

జోగమ్మ పేరు చదివాను: నలభై ఒకటిన్నర కిలోలు.
"నలభై రెండు" అంది. "నాకు గేపకం."
ఆయన గోడమీద కేలండరు వైపు చూశాడు.
నేను తెరవైపు చూశాను.
ఎర్రగీత ఏదీ పడలేదు.